భూగర్భ మెట్రోల పోలిక: లండన్ నుంచి కోల్‌కతా దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ నగరం మెట్రో గొప్పదన్న చర్చ వస్తే చాలామంది ముందుగా కిలోమీటర్లు లెక్కపెడతారు. నాకు ఆ లెక్క నచ్చదు. రోజూ ఎక్కే మనిషికి కావలసినవి మూడు: వీధిలోంచి ప్లాట్‌ఫాం మీదికి చేరడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది, రైలు కోసం ఎంతసేపు నిలబడాలి, లైను మారాలంటే ఎంత నడవాలి. ఈ మూడూ ఊరూరికీ మారతాయి. కారణాలు వెతుక్కుంటూ పోతే అక్కడి నేల, సొరంగం తవ్విన కాలం, అప్పటి పాలకుల నిర్ణయాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. కింది జవాబులన్నీ ఆ కొలతతోనే రాశాను.

మొట్టమొదటి భూగర్భ రైలు ఏది?

లండన్‌లోని మెట్రోపాలిటన్ రైల్వే. 1863 జనవరి 10న ప్యాడింగ్టన్, ఫారింగ్డన్ మధ్య సుమారు 6 కిలోమీటర్లు నడిచింది. అప్పటికి విద్యుత్ రైళ్లు లేవు. ఆవిరి ఇంజన్లే పొగ కక్కుతూ సొరంగంలో తిరిగేవి. పొగ పోవడానికి అక్కడక్కడా పైకప్పు తెరిచి ఉంచారు. అయినా జనం ఎగబడ్డారు, ఎందుకంటే పైన వీధుల్లో గుర్రపు బండ్ల మధ్య కదలడం అంతకన్నా కష్టంగా ఉండేది.

తర్వాత బుడాపెస్ట్, గ్లాస్గో 1896లో, బోస్టన్ 1897లో, పారిస్ 1900లో, బెర్లిన్ 1902లో, న్యూయార్క్ 1904లో వచ్చాయి. ఆసియాలో మొదటిది టోక్యోలోని గింజా లైను. 1927 డిసెంబరు 30న ఉయెనో, అసకుసా మధ్య మొదలైంది.

లండన్‌లో కొన్ని రైళ్లు విశాలంగా, కొన్ని తల వంచుకుని ఎక్కేంత ఇరుకుగా ఉంటాయి. ఎందుకు?

అవి రెండు వేర్వేరు కాలాల్లో, రెండు వేర్వేరు పద్ధతుల్లో కట్టినవి. తొలి లైన్లకు వీధి వెంబడి కందకం తవ్వి, ఇటుకలతో గోడలు, పైకప్పు కట్టి, మళ్లీ మట్టి కప్పి రోడ్డు వేశారు. మామూలు రైలు పట్టే వెడల్పు దొరికింది. మెట్రోపాలిటన్, డిస్ట్రిక్ట్, సర్కిల్ లైన్లు ఈ కోవలోనివి. స్టేషన్లు లోతు తక్కువ, రెండు వరుసల మెట్లు దిగితే చాలు.

ఊరి నడిబొడ్డున అలా వీధులు తవ్వుకుంటూ పోవడం సాధ్యం కాలేదు. దాంతో లోతుగా, గుండ్రటి గొట్టంలా సొరంగాలు తొలిచారు. 1890లో మొదలైన సిటీ అండ్ సౌత్ లండన్ రైల్వే ఇలాంటి వాటిలో మొదటి విద్యుత్ రైలు. లండన్ కింద ఉండే బంకమట్టి తొలవడానికి అనువైనది. ఖర్చు తగ్గించుకోవడానికి గొట్టం వ్యాసం సుమారు మూడున్నర మీటర్లకే పరిమితం చేశారు. ఆ గొట్టంలో పట్టాలి కాబట్టి బోగీ పైకప్పు కూడా వంపు తిరిగింది. తలుపు పక్కన నిలబడ్డ పొడుగాటి మనిషి నేటికీ మెడ వంచాల్సిందే.

వేడికీ మూలం అదే. మోటార్ల నుంచి, బ్రేకుల నుంచి పుట్టిన వేడిని చుట్టూ ఉన్న బంకమట్టి నూరేళ్లకు పైగా పీల్చుకుంది. ఇక పీల్చుకోలేని స్థితికి వచ్చాక ఆ వేడి సొరంగంలోనే నిలిచిపోతోంది. ఏసీ పెడితే అది బయటికి వదిలే వేడి పోవడానికి దారి లేదు, యంత్రం అమర్చడానికి బోగీలో చోటూ లేదు. అందుకే లోతు తక్కువ లైన్లలో ఏసీ రైళ్లు తిరుగుతుంటే, సెంట్రల్, బేకర్లూ వంటి లైన్లలో వేసవి సాయంత్రాలు ప్రయాణికులు చెమటలు కక్కుతున్నారు. 130 ఏళ్ల కిందట మిగుల్చుకున్న డబ్బుకు మూల్యం నేటి ప్రయాణికులు చెల్లిస్తున్నారు. కొత్తగా మెట్రో కట్టే ప్రతి నగరమూ ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

ఇంకో మాట. ‘అండర్‌గ్రౌండ్’ అని పేరున్నా లండన్ వ్యవస్థలో సగానికి పైగా నేల మీదే ఉంది. మొత్తం సుమారు 400 కిలోమీటర్లలో సొరంగాల వాటా 45 శాతం దాకా మాత్రమే.

పారిస్‌లో అడుగుకో స్టేషన్ ఎందుకు?

పారిస్ మెట్రో ఊరి పొలిమేర లోపల తిరగడానికి కట్టినది. 1900 జులైలో మొదటి లైను తెరిచే నాటికే నగర పాలకులకూ పెద్ద రైల్వే కంపెనీలకూ పడేది కాదు. కంపెనీల రైళ్లు తమ సొరంగాల్లోకి ఎప్పటికీ రాకూడదని సొరంగాలను కావాలనే ఇరుకుగా కట్టించారు. ఇంజనీరు ఫుల్జాన్స్ బియాన్‌వెన్యూ వీధుల కిందనే, లోతు తక్కువగా లైన్లు వేయించాడు. స్టేషన్ల మధ్య దూరం సగటున అర కిలోమీటరు పైచిలుకే. పారిస్‌లో ఎక్కడ నిలబడినా నాలుగు వీధులు నడిచేలోపు మెట్రో మెట్లు కనబడతాయి. వీధి నుంచి ప్లాట్‌ఫాం మీదికి చేరే సమయమే కొలతగా తీసుకుంటే పారిస్‌కు పోటీ వచ్చే నగరాలు చాలా తక్కువ.

నష్టం శివార్లకు జరిగింది. ఊరు పెరిగింది, మెట్రో చాలావరకు పాత పొలిమేర దగ్గరే ఆగింది. ఒక శివారు నుంచి పక్క శివారుకు వెళ్లాలన్నా పారిస్ మధ్యకు వచ్చి మళ్లీ బయటికి పోవాల్సిన పరిస్థితి. దాన్ని సరిదిద్దడానికే ఇప్పుడు సుమారు 200 కిలోమీటర్ల ‘గ్రాండ్ పారిస్ ఎక్స్‌ప్రెస్’ కడుతున్నారు.

రబ్బరు టైర్లతో నడిచే మెట్రోలు ఉన్నాయన్నది నిజమేనా?

నిజమే. పారిస్‌లో 1, 4, 6, 11, 14 లైన్ల రైళ్లు రబ్బరు టైర్ల మీద నడుస్తాయి. వేగం త్వరగా అందుకుంటాయి, ఎత్తులు బాగా ఎక్కుతాయి. స్టేషన్లు దగ్గర దగ్గరగా ఉన్న ఊరికి ఇది లాభం. మాంట్రియల్, మెక్సికో సిటీ, శాంటియాగో పారిస్ దగ్గరే ఈ పద్ధతి నేర్చుకున్నాయి. ఉక్కు చక్రం కన్నా రబ్బరు టైరుకు రాపిడి ఎక్కువ కాబట్టి వేడీ, కరెంటు ఖర్చూ ఎక్కువే.

రాత్రంతా నడిచే మెట్రో న్యూయార్క్‌కు ఎలా సాధ్యమైంది?

నాలుగు పట్టాల మార్గాల వల్ల. 1904లో తెరిచిన మొదటి మార్గంలోనే చాలా దూరం నాలుగు ట్రాకులు వేశారు. పక్కనున్న రెండింటిపై ప్రతి స్టేషన్‌లో ఆగే లోకల్, మధ్య రెండింటిపై ముఖ్యమైన చోట్ల మాత్రమే ఆగే ఎక్స్‌ప్రెస్ తిరుగుతాయి. రాత్రి పూట రెండు ట్రాకులు మూసి మరమ్మతు చేసుకుంటూ మిగతా రెండింటి మీద రైళ్లు నడపవచ్చు. లండన్, పారిస్‌లలో చాలా చోట్ల పోయేందుకు ఒకటి, వచ్చేందుకు ఒకటే ట్రాకులు. రాత్రి ఆపకపోతే పని జరగదు. లండన్‌లో 2016 నుంచి శుక్ర, శనివారాల రాత్రుళ్లు కొన్ని లైన్లు నడుపుతున్నారు.

కోవిడ్ కాలంలో, 2020 మే నుంచి 2021 మే దాకా, న్యూయార్క్ కూడా శుభ్రం చేయడానికి రాత్రి కొన్ని గంటలు మూసింది. రాత్రి పని చేసే ఆసుపత్రి సిబ్బంది, వంటవాళ్లు, కాపలాదారులు ఆ రైలుపై ఎంతగా ఆధారపడతారో ఆ ఏడాదిలో అందరికీ అర్థమైంది. న్యూజెర్సీ వైపు ఉండే మన తెలుగువాళ్లు ఎక్కువగా ఎక్కే పాత్ రైలు వేరే సంస్థది. 1908 నుంచి హడ్సన్ నది కింద నడుస్తోంది, అది కూడా ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది.

472 స్టేషన్లున్న ఇంత పెద్ద వ్యవస్థ మరి శుభ్రంగా, సమయానికి ఉంటుందా అంటే, ఉండదు. సిగ్నళ్లలో కొన్ని దశాబ్దాల పాతవి. లోతు తక్కువ కావడంతో వాన నీరు మెట్ల మీదుగానే లోపలికి వస్తుంది. వాన లేని రోజున కూడా పంపులు సుమారు 5 కోట్ల లీటర్ల నీటిని తోడి పోస్తుంటాయి. 2012లో శాండీ తుపాను వచ్చినప్పుడు ఈస్ట్ నది కింది సొరంగాలు మునిగాయి. ఉప్పునీరు తిన్న తీగలు మార్చడానికి ఏళ్లు పట్టింది.

మాస్కో స్టేషన్లు రాజభవనాల్లా ఎందుకు ఉంటాయి?

1935 మే 15న తెరిచిన ఆ మెట్రోను సోవియట్ ప్రభుత్వం తన శక్తిని చూపే కట్టడంగానే భావించింది. పాలరాయి, మొజాయిక్ చిత్రాలు, షాండ్లియర్లు కార్మికులు తిరిగే చోట ఉండాలన్నది వారి వాదం. మయకోవ్‌స్కయా స్టేషన్ పైకప్పులోని గూళ్లలో మొజాయిక్ బొమ్మలు తలెత్తి చూస్తేనే కనబడతాయి. 1941 నవంబరులో జర్మన్ సేనలు దగ్గరకు వచ్చినప్పుడు స్టాలిన్ సభ జరిగింది ఆ స్టేషన్‌లోనే.

అందం సంగతి అందరూ చెబుతారు. నేను మెచ్చుకునేది వేగం. రద్దీ వేళల్లో ఒకటిన్నర నిమిషానికి ఒక రైలు వస్తుంది. ప్లాట్‌ఫాం చివర ఉండే గడియారం ముందు రైలు వెళ్లి ఎన్ని సెకన్లయిందో లెక్కపెట్టేది. తప్పిపోయిన రైలు కోసం ఎవరూ పరుగెత్తరు, పరుగెత్తాల్సిన అవసరం లేదు. అయితే లోతు ఎక్కువ కాబట్టి ఆ మిగిలిన సమయం కొంత ఎస్కలేటర్ మీద ఖర్చవుతుంది. పార్క్ పబేది స్టేషన్‌లో ఎస్కలేటర్ పొడవు సుమారు 126 మీటర్లు, దాని మీద దాదాపు మూడు నిమిషాలు నిలబడాలి.

అన్నిటికన్నా లోతైన స్టేషన్ ఏది?

చాలా ఏళ్లు ఆ పేరు కీవ్‌లోని అర్సెనాల్నాది. 1960లో తెరిచారు, లోతు 105.5 మీటర్లు. ద్నిప్రో నది ఒడ్డు అక్కడ నిటారైన గుట్ట. గుట్ట లోపల అంత లోతున ఉన్న రైలు, తర్వాతి స్టేషన్‌కు వచ్చేసరికి నేల కన్నా ఎత్తున, నది పక్కన బయటపడుతుంది. పైన నేల దిగిపోయింది కానీ రైలు పెద్దగా ఎక్కలేదు. 2022లో చైనాలోని చోంగ్‌చింగ్ నగరంలో తెరిచిన హోంగ్‌యెన్‌సున్ 116 మీటర్ల లోతుతో దాన్ని దాటింది. అది కూడా కొండల ఊరే.

టోక్యోలో ఒకే ఊళ్లో రెండు మెట్రో సంస్థలా? కొత్తవాళ్లకు కష్టం కాదా?

టోక్యో మెట్రోకు తొమ్మిది లైన్లు, నగర పాలక సంస్థ నడిపే తోయెయికి నాలుగు. ఒకదాని నుంచి మరొకదానికి మారితే ఛార్జీ మళ్లీ మొదలవుతుంది, కొంత రాయితీ ఇస్తారు. ఇది నాకు నచ్చని విషయం. ప్రయాణికుడికి కావలసింది దారి, రైలు ఏ సంస్థదన్నది కాదు.

కానీ టోక్యో సాధించినది ఇంకెక్కడా ఇంత పెద్ద ఎత్తున జరగలేదు. శివార్ల నుంచి వచ్చే ప్రైవేటు కంపెనీల రైళ్లు నేరుగా మెట్రో సొరంగంలోకి దిగి, ఊరి కింద నడిచి, అవతలి శివారులో మరో కంపెనీ పట్టాల మీదికి ఎక్కుతాయి. మనిషి సీట్లోంచి లేవక్కర్లేదు. దీనికోసం కేసెయి అనే రైల్వే 1959లో తన పట్టాల వెడల్పునే 1372 మిల్లీమీటర్ల నుంచి 1435కు మార్చుకుంది, మరుసటి ఏడాది అసకుసా లైనులోకి రైళ్లు పంపింది. పారిస్ పాలకులు సొరంగం ఇరుకు చేసి రైల్వేలను బయట నిలబెడితే, టోక్యో వాటిని లోపలికి పిలిచింది. ఆ తేడా ఫలితం రెండు ఊళ్ల శివార్లలోనూ నేటికీ కనబడుతుంది.

ప్లాట్‌ఫాం స్తంభాలకు పసుపు రంగు పట్టికలు ఉంటాయి. దిగే స్టేషన్ పేరు ఎదురుగా ఏ బోగీ నుంచి దిగితే ఎస్కలేటర్ దగ్గర, ఏ బోగీ నుంచి లిఫ్టు దగ్గర, ఏ బోగీ నుంచి ఫలానా లైను దగ్గర అని గుర్తులు పెట్టి ఉంటాయి. ఎక్కేటప్పుడే దిగే చోటు చూసుకుని నిలబడవచ్చు. పెద్ద ఖర్చేమీ లేని ఏర్పాటు. మన మెట్రోలు రేపే పెట్టుకోవచ్చు.

భాష రాని ఊళ్లో ఎలా తిరగాలి?

మెక్సికో సిటీలో 1969 నుంచీ ప్రతి స్టేషన్‌కు ఒక బొమ్మ గుర్తు ఉంది. చపుల్తెపెక్‌కు మిడత, ఇంకోదానికి గంట. చదవడం రానివారు అప్పట్లో చాలామంది ఉండేవారు, వాళ్లూ దారి తప్పకూడదన్నది ఉద్దేశం. టోక్యోలో ప్రతి స్టేషన్‌కూ అక్షరం, అంకె ఇచ్చారు. గింజా లైనులో గింజా స్టేషన్ జీ 09. మాస్కోలో చెవితో తెలుసుకునే పద్ధతి ఉంది: ఊరి మధ్యకు వెళ్లే రైల్లో మగ గొంతు, బయటికి వెళ్లే రైల్లో ఆడ గొంతు స్టేషన్ పేర్లు చెబుతాయి. కంటిచూపు లేనివారికి ఇది చాలా మేలు.

పటం విషయానికి వస్తే, దారి చూపించింది లండన్. హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ నిజమైన దూరాలు వదిలేసి నిలువు, అడ్డం, ఏటవాలు గీతలతో గీసిన పటం 1933లో అచ్చయింది. ఇప్పుడు హైదరాబాద్ స్టేషన్లలో కనబడే పటం కూడా ఆ పద్ధతిదే.

ప్రపంచంలో అతి పొడవైన మెట్రో ఎక్కడ?

చైనాలో. షాంఘై, బీజింగ్ రెండూ 800 కిలోమీటర్లు దాటాయి. షాంఘైలో మొదటి రైలు నడిచింది 1993లోనే అని గుర్తుంచుకుంటే ఆ వేగం అర్థమవుతుంది. బీజింగ్‌లో ప్రతి ప్రవేశం దగ్గరా సంచులు యంత్రంలో పెట్టాలి, రద్దీలో ఆ వరుస రైలు కోసం ఆగే సమయం కన్నా ఎక్కువవుతుంది. లండన్, న్యూయార్క్‌లలో ఇలాంటి తనిఖీ లేదు.

మన దేశంలో భూగర్భ రైలు ఎప్పుడు మొదలైంది?

కోల్‌కతాలో, 1984 అక్టోబరు 24న, ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ వరకు 3.4 కిలోమీటర్లు. 1972 చివర ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. నడుమ ఏళ్ల తరబడి ఊరి ప్రధాన వీధి కందకంగానే ఉండిపోయింది. గంగ తెచ్చిన మెత్తటి ఒండ్రు నేల, కొన్ని అడుగులకే నీరు. లండన్ బంకమట్టిలా నిలిచే నేల కాదు. 2019లో బౌబజార్ దగ్గర కొత్త సొరంగం తవ్వుతుండగా యంత్రానికి నీటి పొర తగిలి నేల కుంగింది. పాత ఇళ్లు కూలాయి, కుటుంబాలు కట్టుబట్టలతో బయటికొచ్చాయి.

అయినా పని ఆపలేదు. 2024 మార్చి నుంచి హౌరా, ఎస్ప్లనేడ్ మధ్య రైలు హుగ్లీ నది కింద నడుస్తోంది, దేశంలో నది కింద మెట్రో ఇదే మొదటిది. నది కింద సుమారు 520 మీటర్ల దూరం ముప్పావు నిమిషంలో దాటుతుంది. ఆ కొద్ది సెకన్లూ కిటికీ అవతల నీలి దీపాలు వెలుగుతాయి, పెట్టె నిండా ఉన్న జనం మాటలాపి అటే చూస్తారు. 2025 ఆగస్టులో మధ్యలో మిగిలిన ముక్క కూడా తెరుచుకుని, హౌరా మైదాన్ నుంచి సాల్ట్‌లేక్ దాకా లైను పూర్తయింది.

హైదరాబాద్ మెట్రోను భూమి కింద ఎందుకు కట్టలేదు?

ప్రధాన కారణం డబ్బు. స్తంభాల మీద కట్టే దానికన్నా సొరంగానికి రెండు మూడు రెట్లు ఖర్చు అవుతుంది. హైదరాబాద్ మెట్రో ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టినది, పెట్టుబడి తిరిగి రావాలి. కింద ఉన్నది గట్టి గ్రానైటు రాయి, దాన్ని తొలవడం మెల్లగా సాగే పని. 2017 నవంబరు నుంచి 2020 దాకా విడతలుగా తెరిచిన 69 కిలోమీటర్ల మూడు లైన్లూ రోడ్డు మధ్య స్తంభాల మీదే ఉన్నాయి.

అసెంబ్లీ, సుల్తాన్ బజార్ ప్రాంతాల్లో కింది నుంచి తీసుకెళ్లాలని 2014లో గట్టిగా చర్చ జరిగింది, చివరికి పైనుంచే వెళ్లింది. ఇరుకు బజారు మీదుగా కాంక్రీటు వంతెన వేయడం నాకు ఎప్పటికీ బాధగానే ఉంటుంది. ఢిల్లీలో చాందినీ చౌక్, చావడీ బజార్ సందుల కింద యంత్రంతో తొలిచి లైను వేశారు, పైన బజారు బజారుగానే మిగిలింది. ఊరంతా సొరంగం అవసరం లేదు. పాత వీధులున్న మూడు నాలుగు కిలోమీటర్లకైనా ఆ ఖర్చు పెట్టాలన్నది నా అభిప్రాయం.

మిగతా భారతీయ నగరాల్లో?

ఢిల్లీ 2002 డిసెంబరులో మొదలైంది, 350 కిలోమీటర్లు దాటింది, ఎక్కువ భాగం పైనే. బెంగళూరులో భూగర్భ భాగం 2016లో, చెన్నైలో 2017లో తెరిచారు. ముంబయి ఆక్వా లైను మాత్రం దాదాపు పూర్తిగా కిందనే: 33.5 కిలోమీటర్లు, 27 స్టేషన్లలో ఆరే అనే ఒక్క స్టేషన్ తప్ప అన్నీ భూగర్భమే. 2025 అక్టోబరులో కఫ్ పరేడ్ దాకా పూర్తయింది.

డ్రైవరు లేని రైళ్లు క్షేమమేనా?

క్షేమమే. పారిస్‌లో 14వ లైను 1998 నుంచి, సింగపూర్‌లో నార్త్ ఈస్ట్ లైను 2003 నుంచి అలాగే నడుస్తున్నాయి. ఢిల్లీ మెజెంటా లైనులో 2020 డిసెంబరులో మొదలుపెట్టారు. మెట్రోలను కుదిపిన పెద్ద ఘోరాలు కొన్ని నిప్పు వల్ల జరిగాయి. 1987లో లండన్ కింగ్స్ క్రాస్‌లో చెక్క ఎస్కలేటర్ కింద పడిన అగ్గిపుల్లతో 31 మంది చనిపోయారు. 2003లో దక్షిణ కొరియాలోని డేగులో ఒకడు పెట్టిన నిప్పుకు 192 మంది బలయ్యారు. చెక్క ఎస్కలేటర్లు తీసేయడం, మండని సీట్లు అమర్చడం ఆ చావుల తర్వాత జరిగిన మార్పులు.

వయసైన తల్లిదండ్రులతో విదేశాల్లో మెట్రో ఎక్కవచ్చా?

పిల్లల దగ్గరికి వెళ్లే మన పెద్దవాళ్ల కోసం ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. మోకాళ్ల నొప్పులున్నవారికి పాత మెట్రోలు కష్టమే. లండన్‌లో మూడో వంతు స్టేషన్లలోనే మెట్లు లేకుండా ప్లాట్‌ఫాం దాకా వెళ్లవచ్చు. న్యూయార్క్ పరిస్థితీ దాదాపు అంతే. అక్కడి వికలాంగులు ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడితే, 2055 నాటికి 95 శాతం స్టేషన్లలో ఏర్పాట్లు చేస్తామని 2022లో ఒప్పుకున్నారు. పారిస్ ఊరి లోపలి లైన్లలో పూర్తిగా అనుకూలమైనది 14 ఒక్కటే. సింగపూర్, హైదరాబాద్, ఢిల్లీ లాంటి కొత్త వ్యవస్థల్లో ఈ బెంగ అక్కర్లేదు.

బయల్దేరే ముందు పటంలో చక్రాల కుర్చీ గుర్తు ఉన్న స్టేషన్లు చూసుకోండి. లండన్ పటంలో ఆ గుర్తు రెండు రంగుల్లో ఉంటుంది. నీలం రంగు ఉంటే వీధి నుంచి రైలు లోపలికే మెట్లు లేని దారి. తెలుపు ఉంటే ప్లాట్‌ఫాం వరకే, ఆపైన రైలుకూ ప్లాట్‌ఫాంకూ మధ్య మెట్టో సందో ఉండవచ్చు. న్యూయార్క్‌లో లిఫ్టు పనిచేస్తోందో లేదో ఆ రోజు ఉదయమే ఫోనులో చూసుకోవాలి. ఆగిపోయి ఉంటే ముందు స్టేషన్‌లోనో తర్వాతి స్టేషన్‌లోనో దిగి బస్సు ఎక్కించండి. అక్కడి బస్సులన్నిటికీ చక్రాల కుర్చీ ఎక్కే వాలుబల్ల ఉంటుంది.